ఏనుగుగారి రాయి వెనకాల

ఒక పెద్ద అడవిలో చెట్లకి కొదవ లేదు గాని, తొర్రలకి మాత్రం ఎప్పుడూ కటకటే. చెట్టు ఎక్కడైనా మొలుస్తుంది. తొర్ర కావాలంటే ఆ చెట్టు ముసలిదవ్వాలి, ఓ కొమ్మ విరగాలి, లోపల కాస్త పుచ్చాలి, ఆ పుచ్చుని ఏ వడ్రంగిపిట్టో గుండ్రంగా చెక్కి పెట్టాలి. ఇంతా అయ్యాక ఆ తొర్ర ఎవరికి దక్కిందంటే, "ఈ చెట్టు మా తాతది" అని ముందుగా అరిచినవాడికి.

అలా అరిచినవాళ్ళు ఓనర్లయ్యారు. ఆ సమయానికి మేతకి వెళ్ళినవాళ్ళు అద్దెవాళ్ళయ్యారు.

అద్దె ఇప్పపూలల్లో కట్టాలి. ఎండిన ఇప్పపువ్వు ఆ అడవిలో అందరి దగ్గరా చెల్లుతుంది. నెలకో కుప్ప అద్దె, చేరేముందు పది కుప్పలు అడ్వాన్సు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగిస్తారని అనుకునేవారు. తిరిగి తీసుకున్నవాళ్ళని చూసినవాళ్ళు మాత్రం లేరు.

తిలోత్తమ అనే గోరింకా, ఆవిడ మొగుడు పానకాలూ ఈ అద్దెవాళ్ళలో ఒక జంట. పోయినేడు ఉన్నట్టుండి తొర్ర ఖాళీ చెయ్యమన్నారు. "మా అమ్మాయి పురిటికొస్తోంది" అన్నాడు ఓనరు. ఆయనకి అమ్మాయి లేదని అడవిలో అందరికీ తెలుసు. అడ్వాన్సు అడిగితే, రెట్టలు గీకించడానికి కొంత, పొద్దున్నే పానకాలు చేసే గోలకి తన చెవులు పోయినందుకు కొంత అని తీసేసి, చివరికి వీళ్ళే తనకి ఎదురు బాకీ అని తేల్చాడు.

అందుకని ఆ ఏడు తిలోత్తమ తన గుడ్లు కొమ్మల సందున పెట్టుకుంది. మొదటి పెద్దవానకి గూడు నానిపోయి గుడ్లు జారిపోయాయి. ఆ దుఃఖం ఆవిడకి ఇంకా తగ్గలేదు. నలుగురితో కబుర్లాడుతున్నా, పురుగుని తరుముతున్నా అది లోపల ఉండనే ఉంది. ఇప్పుడు మళ్ళీ గుడ్లు పెట్టే రోజులు దగ్గర పడ్డాయి. పడమటి కొండ మీద మబ్బులు కూడా చేరుతున్నాయి.

"ఏవండీ, ఈసారి తడిసే చోట పెట్టను. మీరేం చేస్తారో నాకు తెలీదు," అంది తిలోత్తమ.

"చూద్దాంలేవే," అన్నాడు పానకాలు. చూద్దాం అనడంలో అతనికి మంచి అనుభవం ఉంది.

చూసి చూసి చివరికి ఒక మద్దిచెట్టు దగ్గర ఆగారు. మాను మధ్యలో, కాస్త ఎత్తున పెద్ద తొర్ర. తూర్పు ముఖం. పైన ఓ బుడిపె అడ్డం ఉండటంతో జల్లు లోపలికి కొట్టదు. లోపల మెత్తటి చెక్కపొడి. తిలోత్తమ లోపలికి వెళ్ళి ఓ మూల కూర్చుని చూసుకుంది. లేవబుద్ధి కాలేదు.

చెట్టు ఓనరు కొండముచ్చు కుటుంబరావు. తోక ఒళ్ళో పెట్టుకుని దువ్వుకుంటూ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎంతమందుంటారు?"

"ఇద్దరమేనండీ, ప్రస్తుతానికి," అంది తిలోత్తమ.

"ప్రస్తుతానికి అంటే?"

తిలోత్తమ రెక్కలు పొట్ట మీదికి లాక్కుంది.

"చుట్టాలొస్తుంటారా?"

"రారండీ. మేం అడ్వాన్సు కోసం చూస్తున్నామని తెలిసినప్పట్నుంచీ ఎవరూ రావట్లేదు."

"తిండి?"

పానకాలు నోరు తెరిచేలోపు తిలోత్తమ అందుకుంది. "పళ్ళండీ."

"పురుగులు తినరు కదా?"

"పండులో ఉంటే తప్పదు కదండీ."

కుటుంబరావు ముక్కు ముడిచాడు. "మాది ఆకులు తినే వంశం అమ్మాయ్. మా చెట్టు మీద పురుగు వాసన తగిలితే మా ఆవిడ పడుకోదు. సరే, పిల్లలు కలగబోయేవాళ్ళలా ఉన్నారు. అడ్వాన్సు పది కుప్పలు. పురుగు తినే నోరు గనక పైన మరో కుప్ప."

"కాస్త తగ్గించుకోండి బాబాయిగారూ."

"తగ్గిద్దును. నాకూ ఇష్టమే. పోయిన నెల ఓ చిలక తొమ్మిదిస్తానంటే కాదన్నాను. ఇవాళ మీకు తగ్గిస్తే ఆ చిలకకి అన్యాయం చేసినవాణ్ణవుతాను."

చేతిలో ఉన్నవి రెండు కుప్పలు. తిలోత్తమ చుట్టాల చుట్టూ తిరిగింది. విచిత్రంగా చుట్టాలందరికీ ఆ నెలలోనే ఖర్చులొచ్చి పడ్డాయి. ఒక పెద్దమ్మ మాత్రం బోలెడు జాలిపడి, పూలు తప్ప ఇంకేం కావాలన్నా మొహమాటపడకుండా అడగమంది.

సరిగ్గా అప్పుడే అడవి సభ వాళ్ళు పెద్ద బండ మీద మీటింగు పెట్టారు. సభకి ప్రెసిడెంటు పెద్దిరాజు అనే ఎలుగుబంటి. మంచివాడే. ఎవరి కష్టం విన్నా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆ నీళ్ళు తుడుచుకున్నాక ఎవరి కష్టమో మర్చిపోయేవాడు.

"ఈ వానాకాలం అడవిలో ఒక్క కుటుంబం కూడా తడవడానికి వీల్లేదు," అన్నాడు పెద్దిరాజు. "తొర్ర దొరికీ అడ్వాన్సు లేక ఆగిపోయినవాళ్ళ కోసం అద్దె అడ్వాన్సు సహాయ నిధి పెడుతున్నాం. అందరూ తలా కాసిని ఇప్పపూలు వెయ్యండి. లేనివాళ్ళు వచ్చి తీసుకోండి. ఒక్కరు తడిసినా నేనూ తడిసినట్టే."

ఆయనకి రాతి గుహ ఉంది. అయినా మాట బాగుందని అందరూ చప్పట్లు కొట్టారు. పూలు కూడా బాగానే వేశారు. తిలోత్తమ తను దాచుకున్న రెండు కుప్పల్లోంచి కొంత వేసింది. సాయం అడగబోయేవాళ్ళు చందా వెయ్యకపోతే బావుండదని పానకాలు అన్నాడు.

ఇక పూలు పంచడమే తరువాయి అనుకుంటుండగా సభ సెక్రటరీ లేచాడు. అతను శేషాచలం అనే అలుగు. ఒళ్ళంతా పెంకులు, చిన్న తల, పొడుగు నాలిక. మాట నెమ్మది.

"ఇప్పపువ్వు తడిస్తే పులుస్తుంది. పులిస్తే ప్రెసిడెంటుగారు ఊరుకోరు," అన్నాడు.

పెద్దిరాజు సిగ్గుపడ్డాడు. పులిసిన ఇప్పపూలు తిని ఆయన పోయిన వేసవిలో పాడిన పాటలు అందరికీ గుర్తున్నాయి.

"కాబట్టి ముందు నిధి తడవకూడదు. దానికో పొడి చోటు చూడాలి. చోటంటూ ఉంటే దాన్నే ఆఫీసు అనొచ్చు," అన్నాడు శేషాచలం.

చూస్తే అడవిలో అంత పొడి తొర్ర ఒక్కటే ఖాళీగా ఉంది. కుటుంబరావుగారి మద్దిచెట్టుది.

"సభవారికైతే పదిహేను కుప్పలు," అన్నాడు కుటుంబరావు. "పదిమందీ వచ్చిపోయే వ్యవహారం. గడప అరిగిపోతుంది."

తమ సొంత పూలు కావు గనక సభవాళ్ళు బేరమాడలేదు. ఆ విధంగా అద్దె అడ్వాన్సు సహాయ నిధి నుంచి మొట్టమొదటి సాయం అద్దె అడ్వాన్సు సహాయ నిధికే అందింది. ఆ ఒక్కటి మాత్రం ఉదయం అడిగితే మధ్యాహ్నానికి తేలిపోయింది.

మర్నాడు తిలోత్తమ హుషారుగా మద్దిచెట్టు దగ్గరికి వచ్చింది. "బాబాయిగారూ, సభ నుంచి సాయం వస్తోందండీ. తొర్ర మాకే ఉంచండి."

"పోయిందమ్మాయ్."

"ఎవరికండీ?"

"మీలాంటివాళ్ళకి అడ్వాన్సు ఇప్పించే ఆఫీసుకి."

తిలోత్తమకి ముందు నవ్వొచ్చింది. తరవాత ఎంత కోపం వచ్చిందంటే, ఆ కుటుంబరావు తోక పట్టుకుని లాగుదామనిపించింది. కాని గుడ్లు పెట్టే రోజులు కోపం తగ్గేదాకా ఆగవు. ఇంకో తొర్ర ఎక్కడైనా దొరకదా, అడ్వాన్సు చేతికొస్తే చాలనుకుని తిన్నగా ఆఫీసులోకే వెళ్ళింది.

లోపల నిధి ఒక మూల పోసి ఉంది. అడ్వాన్సు పోగా మిగిలింది చిన్న గుట్ట. దాని పక్కన శేషాచలం. అతని ముందు నుంచి గుమ్మం దాకా వరసగా రాళ్ళు.

ఆ అడవిలో వంతు అంటే రాయి. వాగు దగ్గర నీళ్ళకైనా, ఉప్పుమట్టి నాకే చోటైనా, ఎవరి రాయి వాళ్ళు వరసలో పెట్టి మేతకి పోతారు. రాయి ఉందంటే దాన్ని పెట్టినవాళ్ళు ఉన్నట్టే లెక్క. మన దగ్గర క్యూలో చెప్పులు పెట్టి పోతారు చూడండి, అదే పద్ధతి. నిధి సంగతి తెలియగానే తొర్ర కావలసినవాళ్ళూ, అక్కర్లేనివాళ్ళూ వచ్చి రాళ్ళు పెట్టి పోయారు. అందరికంటే ముందున్న నల్లటి గుండు ఏనుగుది. ఏనుగు ఏ తొర్రలో ఉంటుందని ఎవరూ అడగలేదు. ఏదో ఇస్తున్నారని విన్నాడు, వచ్చాడు, రాయి పెట్టాడు, వెళ్ళాడు. సగం అడవి ఆయనదే.

పానకాలు వెళ్ళి ముక్కుకి పట్టినంత రాయి తెచ్చాడు. శేషాచలం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది రాయి కాదు, ఇసక," అన్నాడు. "రాయి తేలేనివాళ్ళు స్వయంగా కూర్చోవాలి. ఇద్దరిలో ఒకరున్నా చాలు. ఇద్దరూ లేచారా, వంతు పోయినట్టే."

గుమ్మంలో చోటు లేక తిలోత్తమ చివరి రాయి వెనకాల, పక్క మూలకి ఒదిగి కూర్చుంది.

పొద్దెక్కాక శేషాచలం గొంతు సవరించుకుని పిలిచాడు. "ఏనుగుగారూ."

ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి, "ఏనుగుగారు రాలేదు. వారు రాకుండా తరవాతివాళ్ళని పిలిస్తే వారికి మర్యాద తక్కువ చేసినట్టవుతుంది. ఇవాళ్టికి ఇంతే," అన్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ ఏనుగుగారిని పిలిచారు, ఏనుగుగారు రాలేదు.

"అయ్యా, ఏనుగుగారు ఎప్పుడొస్తారండీ?" అని అడిగింది తిలోత్తమ.

అడగ్గానే శేషాచలం తల పొట్టలో దూర్చుకుని, తోక చుట్టూ తిప్పుకుని, గట్టి ఉండలా అయిపోయాడు. అతని వరసే అంత. ప్రశ్న వినపడితే చాలు, చుట్టుకుపోతాడు. మళ్ళీ విప్పుకునేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అతనికి రాళ్ళంటే ఎంతో గౌరవం, అవి ఏమీ అడగవు గనక.

తిలోత్తమ ఆ ఏనుగు రాయిని రోజూ తిట్టుకునేది. పొడుద్దామన్నా ముక్కు విరుగుతుంది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి వాన మొదలయింది. ఒకటే వాన. బయట కొమ్మలు ఊగిపోతున్నాయి, ఎవరి గూడో కిందికి కొట్టుకుపోతోంది. పానకాలు తడిసి ముద్దయి లోపలికొచ్చి రెక్కలు దులిపాడు. తిలోత్తమ గుమ్మంలోంచి ఆ వానని చూస్తూ, పోయినేటి గుడ్లు తలుచుకుని వణికింది. కాసేపటికి గాని ఆవిడకి తోచలేదు, తన మీద ఒక్క చినుకు కూడా పడలేదని.

వెనక్కి తిరిగి చూసుకుంది. తను కూర్చుని చూసి లేవబుద్ధి కాని మూల అదే. మెత్తటి చెక్కపొడి అదే.

"ఏవండీ, నాలుగు గడ్డిపరకలు పట్టుకురండి," అంది నెమ్మదిగా. "కూర్చుని కూర్చుని కాళ్ళు పీకుతున్నాయి."

నాలుగోనాటికి వాన వెలిసేసరికి ఆ మూల మూడు నీలం గుడ్లు ఉన్నాయి.

శేషాచలం ఏనుగుగారిని పిలవడం ముగించి అటు చూశాడు. "ఇదేమిటమ్మా, ఆఫీసులో గుడ్లు?"

"నేను లేవలేదండీ. కూర్చున్న చోటే పెట్టాను."

శేషాచలం ఆలోచించాడు. లేస్తే వంతు పోతుంది, ఆవిడ లేవలేదు. గుడ్ల గురించి సభ ఏమీ చెప్పలేదు. ఎవరినైనా అడగాలంటే ప్రశ్న వెయ్యాలి. అది తలుచుకుంటేనే అతనికి తల పొట్టలోకి పోయింది.

ఆ తరవాత అతను గుడ్ల ఊసెత్తలేదు. నిజం చెప్పాలంటే అతనికీ బాగానే ఉంది. పానకాలు తెచ్చే మేతకీ, నిధి పూలకీ కలిపి చీమలు బారులు కట్టేవి. చీమలంటే శేషాచలానికి ప్రాణం. పొడుగు నాలికతో వాటిని ఊడ్చి మింగుతూ, నిధిని రక్షిస్తున్నానని చెప్పుకునేవాడు. పెద్దిరాజు కూడా అప్పుడప్పుడు చెట్టెక్కి తనిఖీకి వచ్చేవాడు. ఆయనకి తొర్రలో తలా ఒక చెయ్యీ మాత్రమే పట్టేవి. ఆ చేత్తో పూలు బావున్నాయో లేదో రుచి చూసి వెళ్ళేవాడు. తనిఖీలు పెరిగేకొద్దీ గుట్ట తగ్గుతోంది.

గుడ్లు పిల్లలయ్యాయి. ఎర్రగా, ఈకల్లేకుండా, నోళ్ళు మాత్రం గుమ్మమంత. ఆ అరుపులకి కుటుంబరావు వచ్చి తొంగిచూశాడు. గుప్పున పురుగు వాసన కొట్టింది.

"ఇక్కడ కాపురమెప్పుడు పెట్టారు?"

"కాపురం కాదండీ బాబాయిగారూ, వంతులో ఉన్నాం."

కుటుంబరావు ఊగిపోతూ పెద్దిరాజు గుహకి వెళ్ళాడు. "ఒకరికని ఇస్తే రెండు సంసారాలున్నాయి. రెండో అడ్వాన్సు కట్టండి, లేదా వాళ్ళని లేపండి."

పెద్దిరాజు చిక్కున పడ్డాడు. నిధిలో ఇంకో అడ్వాన్సుకి పూలెక్కడివి? పోనీ ఊరికే లేపుదామా అంటే, తడవకూడదన్న మాట బండెక్కి చెప్పింది తనే. చాలాసేపు బుర్ర గోక్కున్నాక ఒక దారి తట్టింది. సాయం కోసం కూర్చున్నవాళ్ళు సాయం అందితే లేచిపోతారు. మిగిలినవి ఇచ్చేసి, సాగనంపెయ్యడమే.

అప్పటికప్పుడు ఒక అడవిమల్లె దండ పట్టుకుని జోరువానలో వచ్చాడు. వెనకాల కుటుంబరావు. పెద్దిరాజు తొర్రలోకి తల దూర్చి, మూలనున్న పూలు చేత్తో ఊడ్చాడు. గుప్పెడు వచ్చాయి.

"అమ్మా తిలోత్తమా, నీ కష్టం విని సభ మనసు కరిగింది. నీకు సాయం మంజూరు చేశాం. ఈ పూలు పట్టుకుని ఇవాళే ఓ మంచి ఇల్లు చూసుకో."

తిలోత్తమ ఆ గుప్పెడు పూలవంక చూసింది. వాటితో తొర్ర కాదు గదా, తొర్ర గుమ్మం కూడా రాదు. బయట వాన చూసింది. రెక్క కింద పిల్లల్ని తడుముకుంది. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట వినపడేసరికి ఆవిడ పిల్లల మీదికి ఇంకాస్త జరిగింది. మళ్ళీ పోయినేడేనా అనుకుంది.

పానకాలు అమాయకుడు. "దండాలు బాబూ," అంటూ దండకి మెడ వంచాడు. తిలోత్తమ అతని కాలు చటుక్కున పొడిచింది.

అప్పుడు ఆవిడ కంటికి ఆ నల్లటి గుండు కనబడింది.

"అయ్యా, మీరు చల్లనివారు," అంది. "కాని ఈ సాయం తీసుకోడానికి నాకు మనసొప్పడం లేదండీ."

"ఎందుకమ్మా?"

"నా ముందు వంతులో రాళ్ళున్నాయండీ."

"రాళ్ళకేముంది, తరవాత చూద్దాంలే."

"అలాగేనండీ. కాని మొదటిది ఏనుగుగారిదండీ."

పెద్దిరాజు తల వెనక్కి లాక్కోబోయాడు. తొందర్లో అది తొర్రలో ఇరుక్కుంది.

"వారిని దాటించి, వెనకున్న ఒక గోరింకకి ముందిచ్చారని ఎవరైనా వారి చెవిన వేశారనుకోండి," అంది తిలోత్తమ. "వారి చెవులు అసలే పెద్దవి. నా మూలంగా మీకు మాటొస్తే నేను బతకలేనండీ."

"శేషాచలం, ఏం చేద్దామయ్యా?" అన్నాడు పెద్దిరాజు, ఇరుక్కున్న తలతో.

శేషాచలం అప్పటికే ఉండయిపోయాడు.

"ఏనుగుగారు రానివ్వండి, వారి తరవాతివారు రానివ్వండి," అంది తిలోత్తమ వినయంగా. "మా వంతు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాం. మాకు తొందరేం లేదండీ."

పెద్దిరాజు ఎలాగో తల ఊడబెరుక్కుని కిందికి దిగాడు. దిగాక ప్రెసిడెంటు గొంతు తిరిగొచ్చింది.

"కుటుంబరావుగారూ, వాళ్ళు కాపురం లేరు. వంతులో ఉన్నారు. వంతులో ఉన్నవాళ్ళకి అద్దె వెయ్యడం ఎక్కడా లేదు."

"మరి పిల్లలండీ?"

"వాళ్ళు వంతులోనే పుట్టారు గదా. వాళ్ళదీ వంతే."

గుప్పెడు పూలు ఆయన చేతిలోనే ఉండిపోయాయి. గుహకి చేరేసరికి అవి కూడా లేవు. నిధి అంతటితో అయిపోయింది. ఆఫీసు మాత్రం ఉంది, దాని అడ్వాన్సు కట్టేశారు గనక. శేషాచలం రోజూ ఏనుగుగారిని పిలుస్తూనే ఉన్నాడు. మునుపు ఆ పిలుపు వినగానే ఒళ్ళు మండే తిలోత్తమ, ఇప్పుడు గుమ్మం వైపు భయంగా చూసేది, ఏనుగుగారు ఎక్కడ నిజంగా వచ్చేస్తారోనని.

ఏనుగు రాలేదు. వానలు వెనకబట్టాయి. పిల్లలకి ఈకలొచ్చాయి. ఒక ఎండ పొద్దున మూడూ గుమ్మంలో నిలబడి, కాసేపు భయపడి, ఎగిరిపోయాయి. తిలోత్తమ ఇన్నాళ్ళకి తనివితీరా ఏడ్చింది. అది సంతోషమేనని పానకాలు అర్థం చేసుకోడానికి కొంత సమయం పట్టింది.

ఆ వారమే పెద్ద బండ మీద మళ్ళీ మీటింగు. "మన నిధి వల్ల ఈ వానాకాలం ఒక నిరుపేద కుటుంబం తడవకుండా బయటపడింది," అన్నాడు పెద్దిరాజు కళ్ళు తుడుచుకుంటూ. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది తిలోత్తమే. ఆయన బండెక్కి చెప్పినవాటిలో నిజమైన మాట అదొక్కటే. వచ్చే ఏడుకి మళ్ళీ పూలు వెయ్యమన్నారు, అందరూ వేశారు. కుటుంబరావు అద్దె పెంచాడు.

ఇక వెళ్ళబోతూ తిలోత్తమ చివరిసారి ఆఫీసులోకి వచ్చింది.

"ఇద్దరూ లేస్తే వంతు పోతుందమ్మా," అన్నాడు శేషాచలం. అతని గొంతులో కాస్త దిగులు వినపడింది. రాళ్ళు మంచివే గాని, కబుర్లు చెప్పవు.

తిలోత్తమ తన మూలకి వెళ్ళి, చెక్కపొడిలోంచి ఓ గుడ్డుపెంకు ముక్క ముక్కున కరిచి తెచ్చి, చివరి రాయి వెనకాల పెట్టింది.

శేషాచలం దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది నీలంగా ఉందే."

"మా వైపు రాళ్ళు అలాగే ఉంటాయండీ."

అతను ఇంకేదో అడగబోయి, అడిగితే ఏమవుతుందో తనకే బాగా తెలుసు గనక ఊరుకున్నాడు. పెంకు ముక్కని వరసలోకి సరిగ్గా జరిపి, గొంతు సవరించుకుని, ఏనుగుగారిని పిలిచాడు.

నీతి: సాయం ఆలస్యమైతే కంగారు పడకండి, ఆ ఆలస్యానికి పైకప్పు ఉందో లేదో చూసుకోండి.